చూస్తే మొలిచే వెండి

జనవరి వచ్చిందంటే కలకత్తాలో సగం తలలు మంకీ క్యాపుల్లో దూరిపోతాయి. బాదల్ హాల్దార్ తల మాత్రం జూన్‌లో కూడా అందులోనే ఉంటుంది. అతను పనిచేసే మైక్రోస్కోపు గదిలో ఏడాది పొడుగునా చలికాలమే మరి. యంత్రానికి చల్లదనం కావాలి, మనిషికి జలుబు చేస్తే చేసుకోవచ్చు. సంస్థ నియమాల్లో ఇలా రాసి ఉండదు గానీ పదకొండేళ్లుగా జరుగుతున్నది ఇదే.

సదస్సు మొదలయ్యే రోజు ఉదయం అతను ద్రవ నైట్రోజన్ పోస్తున్నాడు. ఉక్కు ఫ్లాస్కును మోకాలికి ఆనించుకుని, యంత్రం పక్కనున్న గిన్నెలోకి సన్నటి ధారగా వంచుతున్నాడు. తొందరపడితే తుళ్లుతుంది. తెల్లటి పొగ నేలమీద పాకి గుమ్మం దాకా వెళ్తోంది. చూపు గిన్నె మీద, చెవి యంత్రంలోంచి గాలి లాగేసే పంపు మీద. పంపు చప్పుడు మారిందంటే లోపలికి గాలి దూరినట్టే.

సుతప ఖాటువా గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడింది. లాహిరీ సార్ దగ్గర పరిశోధన చేస్తున్న పిల్ల, మేదినీపూర్ వైపు నుంచి వచ్చింది. ఆరేళ్లలో ఆ పిల్ల ఒళ్లు తగ్గింది, కళ్లద్దాల మందం పెరిగింది. మిగతాదంతా అలాగే ఉంది.

“మాట్లాడొచ్చా, బాదల్ దా?” ఆ పిల్లకి అతను ‘దా’యే, అంటే అన్నయ్య.

“గిన్నె నిండనీ.”

నిండింది. బాదల్ మూత పెట్టి, చేతులకున్న మందపాటి తొడుగులు విప్పి, అప్పుడు ఇటు తిరిగాడు.

“ఊఁ, చెప్పు. పొద్దున్నే మొహం అలా పెట్టుకొచ్చావేంటి? బయట అంత పెద్ద పండగ జరుగుతుంటే?”

బయట నిజంగానే పండగ. ఇరవై రెండు దేశాల నుంచి నానో శాస్త్రవేత్తలు దిగుతున్నారు. గేటు దగ్గర రెండంతస్తుల ఎత్తున ఫ్లెక్సీ కట్టారు. బూడిదరంగు పొర మీద గుత్తులు గుత్తులుగా నల్లటి వెండి మొగ్గలు, ఆ బొమ్మ తీసింది బాదలే. పక్కన చేతులు కట్టుకుని నవ్వుతున్నది మాత్రం ప్రొఫెసర్ నిరుపమ్ లాహిరీ. వేడి లేకుండా, కరెంటు లేకుండా పలచటి పొర మీద వెండి తనంతట తానే మొగ్గ తొడుగుతుందని రెండేళ్ల కిందట ఆయన ప్రకటించాడు. అప్పటినుంచీ ఆయన కాలు నేలమీద ఆనలేదు.

“హసెగవా మేడమ్ వస్తున్నారు కదా, జపాన్ నుంచి,” అంది సుతప. “రేపు మూడింటికి మన నమూనాని యంత్రం మీద స్వయంగా చూస్తారట.”

“రానీ. ఈ గదిలో టీ ఇవ్వలేం గానీ స్టూలు ఉంది.”

“సార్ ఏమన్నారంటే...” ఆ పిల్ల నీళ్లు నమిలింది. “ఆవిడ వచ్చేలోగా మూడు గళ్లు వేడిచేసి ఉంచమన్నారు.”

 బాదల్ పట్టకారు తీసుకుని దాని మొన దీపానికెదురుగా పెట్టి చూశాడు. నమూనాని పెట్టే రాగి జాలీ బొట్టుబిళ్లంత ఉంటుంది, అందులో కంటికి ఆనని గళ్లు వందల్లో ఉంటాయి. వేడిచేయడమంటే పొయ్యి మీద పెట్టడం కాదు. యంత్రంలోని ఎలక్ట్రాన్ల కిరణాన్ని ఒకే గడి మీద పది, పన్నెండు నిమిషాలు కదలకుండా నిలపడం.

“ఈ మొగ్గలు కనబడిన మొదటి రోజు నీకు నేనేం చెప్పాను?” అన్నాడు.

“గుర్తుంది.”

“గుర్తుంటే అను.”

“నమూనాని సరిగా కడగలేదు, వెండి ఉప్పు మిగిలిపోయింది అన్నారు. కిరణం తగిలి ఆ ఉప్పే మొగ్గలవుతోంది అన్నారు. ‘ఇవి నీ నమూనాలో లేవు తల్లీ, నా కిరణంలో ఉన్నాయి. మనం చూడబట్టే మొలుస్తున్నాయి’ అన్నారు.”

“సార్ చెవిన వేశావా?”

“ఆ సాయంత్రమే వేశాను. ‘బాదల్ చదివింది పాలిటెక్నిక్, నువ్వు ఎమ్మెస్సీ. ఎవరి మాట వినాలో నువ్వే తేల్చుకో. ఇంకెవరి దగ్గరా ఈ కూత కూయకు’ అన్నారు.” ఆ పిల్ల చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. “ఈ పదిహేనో తారీఖుతో ఆరేళ్లు నిండుతాయి దా. ఆలోగా థీసిస్ మీద సార్ సంతకం పడకపోతే నా రిజిస్ట్రేషనే రద్దయిపోతుంది. ఇంటికెళ్లిపోవడమే.”

అప్పుడే లాహిరీ సార్ లోపలికొచ్చాడు. బూట్లు విప్పలేదు. ఆ గదిలోకి బూట్లతో వచ్చేవాడు ఆయనొక్కడే. బ్లేజరు మీద మెత్తటి మఫ్లరు, ఒంటి మీద కొత్త ఖర్జూరబెల్లం సందేశ్ మిఠాయి వాసన. ప్రారంభోత్సవం ఫలహారాల దగ్గర నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు.

“బాదల్, రేపు మన పరువు నీ చేతుల్లో ఉందోయ్. సుతప చెప్పిందిగా?”

“చెప్పింది సార్. కానీ ఆ గళ్లు...”

“పదకొండేళ్లలో ఎన్ని పేపర్లకి బొమ్మలు తీశావు?”

“ఇరవై మూడు సార్.”

“ఒక్కదాంట్లోనైనా నీ పేరుందా? లేదు. చివర కృతజ్ఞతల్లో కూడా ‘సాంకేతిక సిబ్బంది’ అని ఓ మాట వేసి ఊరుకున్నాం. నాది తప్పే, ఒప్పుకుంటున్నా.” ఆయన బాదల్ భుజం మీద చెయ్యి వేశాడు. “ఈసారి నీ పేరు పెడతాను. పూర్తి పేరు. నా మాట నమ్ము.”

ఆ మాటకి బాదల్‌కి సంతోషం కలిగింది. దాచడం దేనికి, సిగ్గుపడుతూనే సంతోషపడ్డాడు. ఇరవై మూడు పేపర్ల కాపీలు ఇంట్లో బీరువాలో చీరల కింద దాచిపెట్టుకున్న మనిషి అతను. సుతప వైపు చూశాడు. ఆ పిల్ల నేల చూస్తోంది. తన పేరు కోసం కాదు, ఆ పదిహేనో తారీఖు కోసమే ఒప్పుకుంటున్నానని తనకు తాను చెప్పుకున్నాడు. అందులో సగమైనా నిజమే.

“అలాగే సార్,” అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం రెండున్నరకి మూడు గళ్లూ సిద్ధమయ్యాయి. ఒక్కోదాని మీద కిరణాన్ని పన్నెండు నిమిషాలు నిలిపి, గడి స్థానం సూచించే అంకెలు కాగితం మీద రాసుకున్నాడు. ఆకుపచ్చ తెర మీద మొగ్గలు గుత్తులుగా నిలిచాయి. లిఫ్టు నడిస్తే బొమ్మ వణుకుతుందని లిఫ్టు ఆపించాడు. ఇంత శ్రద్ధగా తప్పుడు పని చేయడం అతనికి ఇదే మొదలు.

హసెగవా అరవై దాటిన మనిషి, పొట్టిగా ఉంది. ఎవరూ చెప్పకుండానే గుమ్మంలో బూట్లు విప్పింది. వాచీ తీసి పర్సులో పెట్టింది. మెడలో వేలాడే బ్యాడ్జి యంత్రానికి తగలకుండా జాకెట్టు లోపలికి దోపుకుంది. అది చూడగానే బాదల్ గుండె జారింది. ఈవిడ పుస్తకాల్లో బొమ్మలు చూసిన మనిషి కాదు, ఇలాంటి గదుల్లో ఏళ్ల తరబడి కూర్చున్న మనిషి.

వెనకాల లాహిరీ సార్, ఇద్దరు జర్మనీవాళ్లు, గోడకి అతుక్కుని సుతప. దీపం ఆర్పారు. తెర పచ్చదనం తప్ప ఏమీ లేదు.

ఆవిడ కళ్లు దుర్భిణికి ఆనించి చాలాసేపు చూసింది. “అందంగా ఉన్నాయి,” అంది. “ఇంకో చోటు?”

బాదల్ రెండో గడి చూపించాడు. ఆవిడ తలూపింది. మూడోది చూపించాడు. మళ్లీ తలూపింది. లాహిరీ సార్ జర్మనీవాళ్లతో తన పేపరు ఎంతమంది ఉదహరించారో చెప్పడం మొదలుపెట్టాడు.

“ఇప్పుడు,” అంది హసెగవా, “ఇంతవరకూ ఎవరూ చూడని చోటు ఒకటి చూపించండి.”

లాహిరీ సార్ జర్మనీవాళ్లని వదిలి యంత్రం దగ్గరికి వచ్చాడు.

“మొదటిదానికే తీసుకుపో,” అన్నాడు లాహిరీ సార్ బెంగాలీలో, నవ్వు చెదరకుండా. “అన్నీ ఒకలాగే ఉంటాయి, ఆవిడకేం తెలుస్తుంది.”

బాదల్ వేళ్లు మీటల మీద ఉన్నాయి. తిప్పాడు. మొదటి గడి తెర మీదకి వచ్చింది.

ఆవిడ ఒక్క క్షణమే చూసింది. “ఇది మొదట చూసిందే కదండీ. ఎడమ మూల పొర చిరిగింది.”

చీకట్లో ఎవరికీ కనబడలేదు గానీ బాదల్ చెవులు మండిపోయాయి. తిట్టినా బాగుండేది. ఆవిడ మామూలుగా, పక్క బల్ల దగ్గర పనిచేసే మనిషితో అన్నట్టు అంది. పదకొండేళ్ల పనితనం ఆ ఒక్క మాటతో చితికిపోయినట్టనిపించింది. ఇక లాహిరీ సార్ వైపు చూడలేదు. మీటలు రెండూ ఒకేసారి తిప్పి, జాలీ అవతలి అంచు దగ్గర, తాను కూడా ఎన్నడూ చూడని గడి మీద ఆపాడు.

తెర మీద ఏమీ లేదు. నున్నటి పచ్చదనం.

“నమూనా అన్ని చోట్లా సమానంగా ఉండదు,” అన్నాడు లాహిరీ సార్. “బాదల్, మార్చు.”

“వద్దు. కదపకండి,” అంది హసెగవా.

కదపలేదు. నాలుగో నిమిషంలో ఒక చుక్క లేచింది. తరువాత రెండు. ఏడో నిమిషానికి చుక్కలు లావెక్కాయి. జర్మనీవాళ్లలో ఒకతను తన భాషలో ఏదో గొణిగాడు. పదకొండో నిమిషానికి గేటు దగ్గర ఫ్లెక్సీ మీదున్న బొమ్మే తెర మీద తయారైంది, అందరూ చూస్తుండగానే.

హసెగవా దుర్భిణి నుంచి లేచి కళ్లు నలుపుకుంది. బాదల్‌కి వంగి నమస్కరించి, బూట్లు వేసుకుని వెళ్లిపోయింది. జర్మనీవాళ్లు ఆవిడ వెంటపడ్డారు.

దీపం వేశాక లాహిరీ సార్ చాలాసేపు మఫ్లరు మడత పెట్టాడు. కేకలు వేస్తాడని బాదల్ చూస్తున్నాడు. కేకలైతే అలవాటే.

“నిన్నేమీ అననోయ్ బాదల్,” అన్నాడాయన. “జరిగిందేదో జరిగింది. సుతపా, నువ్వు నాతో రా. రేపటి నీ ఉపన్యాసంలో ఒక స్లయిడు చేర్చాలి.”

ఏమీ అననన్నాడు చూడండి, అదే భయపెట్టింది బాదల్‌ని.

మూడో రోజు పొద్దున క్యాంటీన్ వెనకాల మెట్ల మీద సుతప కూర్చుని ఉంది. ఒళ్లో లాప్‌టాప్, పక్కన మట్టి కప్పులో చల్లారి మీగడ కట్టిన టీ. బాదల్ తన టీ తెచ్చుకుని ఒక మెట్టు కింద కూర్చున్నాడు.

“చూపించు,” అన్నాడు.

ఆ పిల్ల లాప్‌టాప్ అతని వైపు తిప్పింది. తెల్లటి స్లయిడు మీద నాలుగు వాక్యాలు. మేము గతంలో ప్రచురించిన బొమ్మలు కొన్ని లోపంతో కూడుకున్నవి. ఆపరేటర్ బాదల్ హాల్దార్ కిరణాన్ని అవసరానికి మించి నిలపడమే ఇందుకు కారణం. ఈ సంగతి నిన్ననే మా దృష్టికి వచ్చింది. పత్రికకు సవరణ పంపుతున్నాము.

బాదల్ వేలు పెట్టి చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు.  ఇరవై మూడు పేపర్లలో చోటు దొరకని పేరు ఇక్కడ నల్లటి లావాటి అక్షరాల్లో, మొత్తం స్లయిడుకే అదే ముఖ్యమన్నట్టు ఉంది.

“పేరు పెడతానన్నాడు, పెట్టాడు,” అన్నాడు చివరికి. “మాట తప్పే మనిషి కాదు.”

“నవ్వకండి దా. నన్ను తిట్టండి. ఆయన చెప్తుంటే నేనే టైపు చేశాను.”

“తిట్టడానికేముంది, తప్పుల్లేకుండా కొట్టావ్.”

“నేనిది చదవను.”

“చదువుతావు.”

“చదవనన్నాను కదా! మూడొందల మంది ముందు మీ మీద బురద పొయ్యనా? రెండేళ్ల కిందటే చెప్పిన మనిషి మీద?”

“అరవకు, అక్కడ వాలంటీర్లున్నారు.” బాదల్ టీ గుక్క మింగాడు.  “పదిహేనో తారీఖు ఎవరిది, నీదా నాదా? ఇంకెన్ని రోజులుంది? తొమ్మిది. మీ నాన్న ఆరేళ్లుగా ఊళ్లో అందరికీ ఏమని చెప్పుకుంటున్నాడు? మా అమ్మాయి డాక్టరవుతోంది, సూదులేసే డాక్టరు కాదు, అంతకంటే పెద్దది అని. నువ్వే చెప్పావుగా.”

“మరి మీ కాంట్రాక్టు? మార్చిలో పొడిగించాల్సింది ఆయనే. ఈ స్లయిడు చూశాక ఎవరు పొడిగిస్తారు?”

“నాకు ఇంకో చోట దొరుకుతుంది.”

దొరకదని ఇద్దరికీ తెలుసు. యాభై మూడేళ్ల ఆపరేటర్ని, తప్పుడు బొమ్మలు తీశాడని పత్రికల్లోకి ఎక్కినవాణ్ణి, ఏ సంస్థ గుమ్మం తొక్కనిస్తుంది? పైగా ఈ ఊళ్లో ఆ యంత్రాలున్న గదులన్నీ కలిపినా రెండు చేతుల వేళ్లకి మించవు. వాటి పెద్దలందరూ సాయంత్రాలు కలిసి చేప ఫ్రై తినేవాళ్లే.

“చదివెయ్,” అన్నాడు బాదల్, ఖాళీ మట్టికప్పు డబ్బాలో వేస్తూ. “గబగబా చదివేసి తరువాతి స్లయిడుకి పో. ఎవరూ పట్టించుకోరు. భోజనం వేళకి మటన్ వాసన వస్తుంటే ఎవడికి కావాలి నా సంగతి?”

ఆ పిల్ల లాప్‌టాప్ మూసేసింది. 

పన్నెండు గంటలకి పెద్ద హాల్లో కుర్చీ ఖాళీ లేదు. నిన్న యంత్రం గదిలో ఏదో జరిగిందన్న కబురు అల్పాహారాల దగ్గరే అందరికీ పాకింది. సభకి అధ్యక్షుడు లాహిరీ సారే. వేదిక మీద చిన్న బల్ల ముందు కూర్చున్నాడు, ఎదురుగా సమయం అయిపోతే మోగించే ఇత్తడి గంట. బాదల్‌ని కూడా రమ్మని కబురు పంపాడు. అతనుంటేనే ఏదీ దాచినట్టుండదట. బాదల్ టోపీ తీసి జేబులో పెట్టుకుని, చివరి వరసలో నడవ పక్క కుర్చీలో కూర్చున్నాడు. ముందు వరసలో హసెగవా, ఆవిడ పక్కన సంస్థ డైరెక్టర్ ప్రియబ్రత గుహ. మర్యాదకి పెట్టింది పేరైన పెద్దాయన, రెండు రోజులుగా ఆవిడ వెన్నంటే ఉండి అన్నీ చూసుకుంటున్నాడు.

సుతప పచ్చటి తాంత్ నూలు చీర కట్టుకుంది.  పన్నెండో స్లయిడు దగ్గర ఆగింది. నీళ్లు తాగింది. ఆ నాలుగు వాక్యాలూ చదివింది.

చదివేసింది. బాదల్ హాయిగా ఊపిరి పీల్చుకోవాలి. పీల్చుకోలేదు. తాను చదవమన్నదే చదివినా, తన పేరు ఆ పిల్ల నోట అలా వినేసరికి ఛాతీలో ఎవరో గుద్దినట్టయింది. ముందు వరసల్లో కొందరు తలలు తిప్పి చూశారు. ఎవరిని చూడాలో వాళ్లకి తెలియలేదు.

ఉపన్యాసం అయింది. చప్పట్లు పలచగా పడ్డాయి. హసెగవా చెయ్యెత్తింది.

“సమయం అయిపోయింది, క్షమించాలి,” అన్నాడు లాహిరీ సార్.

“ఒక్క ప్రశ్నేగా, అడగనివ్వండి,” అన్నాడు గుహ గారు.

“నా ప్రశ్న ఆపరేటర్ గారికి,” అంది హసెగవా. “ఆయన ఇక్కడున్నారా?”

హాలంతా వెనక్కి తిరిగింది. బాదల్ లేచి నిలబడ్డాడు. వాలంటీరు పరుగున వచ్చి మైకు చేతికిచ్చింది.

“కిరణం వల్లే అవి మొలుస్తున్నాయని మీకు మొదటిసారి ఎప్పుడు తెలిసింది?”

ఇంగ్లీషు అతనికి అర్థమవుతుంది. జవాబు మాత్రం కూడబలుక్కోవాలి. వేదిక మీద ఆ పిల్ల రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని ఉంది. ఆ పిల్ల పక్కనే లాహిరీ సార్, జేబులో ఆ సంతకం పెట్టే పెన్ను.

“నిన్న, మేడమ్,” అన్నాడు. “మీతో పాటు.”

“అంతకుముందు అనుమానం రాలేదా? ఎవరికీ చెప్పలేదా?”

“రాలేదు మేడమ్. తప్పు నాదే.”

తీసిన బొమ్మ గురించి అతను నోరు తెరిచి అబద్ధం చెప్పడం జీవితంలో అదొక్కసారే. తడబడకుండా చెప్పాడు. లాహిరీ సార్ గంట వైపు చెయ్యి చాచాడు.

“అది నిజం కాదు,” అంది సుతప.

లౌడ్ స్పీకర్లలో ఆ గొంతు చాలా పెద్దదిగా వినబడింది. ఇంగ్లీషులో, ఒక్కో మాటా విడివిడిగా, పరీక్షకి బట్టీ పట్టినట్టు చెప్పింది. “మొదటి రోజే నాకు చెప్పారు. రెండేళ్ల కిందట. నేను ఆ సాయంత్రమే నా గైడుకి చెప్పాను. ఎవరికీ చెప్పొద్దన్నారు. నేను చెప్పలేదు. ఆ స్లయిడులో ఆయన తప్పని రాసింది అబద్ధం.”

“ఏం పని చేశావే పిచ్చిపిల్లా!”

అది బాదల్ అరుపు. బెంగాలీలో, యంత్రం గదిలో అరిచినట్టే అరిచాడు. చేతిలో మైకుందన్న సంగతే మరిచిపోయాడు. హాలు నాలుగు మూలల నుంచీ ఆ మాట మోగింది. “ఆయన ఇక సంతకం పెడతాడా నీకు? తొమ్మిది రోజులు నోరు మూసుకోలేకపోయావా? నాకెలాగూ వయసైపోయింది, నా మీద ఎంత పడితే ఏంటి? నీ డిగ్రీ కోసమే కదా నేను అబద్ధమాడింది!”

“మిమ్మల్ని ఎవరాడమన్నారు?” ఆ పిల్ల కూడా బెంగాలీలోకి దిగింది. ఏడుస్తోంది. “రెండేళ్ల నుంచి అన్నం సహించట్లేదు నాకు. మీ పేరు అలా చదివాక ఆ డిగ్రీ తీసుకెళ్లి ఏ మొహంతో మా నాన్న చేతిలో పెట్టను, బాదల్ దా?”

మూడొందల మందిలో బెంగాలీ వచ్చినవాళ్లెవరూ కదల్లేదు. లాహిరీ సార్ చెయ్యి గంట మీదే ఉంది, మోగించడం మరిచినట్టున్నాడు. బెంగాలీ రానివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. బాదల్‌కి అప్పుడు తెలిసింది మైకు సంగతి. దాన్ని ఏం చేయాలో తోచక రెండు చేతులతో పొట్టకి అదుముకున్నాడు.

హసెగవా పక్కకి వంగింది. “ఆయన ఏమన్నారు?” అని అడిగింది గుహ గారిని.

 ఆయన వేదిక వైపు, ఇరవై ఏళ్లుగా తన పక్క గదిలో పనిచేస్తున్న లాహిరీ వైపు ఒకసారి చూశాడు. లాహిరీ వద్దన్నట్టు సన్నగా తల ఆడించాడు. పెద్దాయన కళ్లద్దాలు తీసి, పంచె కొసతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. తరువాత ఒక్క మాట కూడా వదలకుండా, మొదటినుంచీ ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాడు.